అట్రోఫీ: తిండి లేక చిక్కడమా, వాడక చిక్కడమా?

చౌటుప్పల్ వాసి: పోచంపల్లి చేనేత మీద ఒక ఇంగ్లీషు వ్యాసంలో 'అట్రోఫీ' అని రాశారు. మెల్లగా క్షీణించడమని తెలుసు. అసలు ఎక్కడి మాట?

మునుగోడు మాస్టారు: గ్రీకు. 'అ' అంటే లేకపోవడం, 'ట్రోఫే' అంటే పోషణ. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. తిండి అందక చిక్కిపోవడం. చేనేతకు అతికినట్టు సరిపోయింది.

నకిరేకల్ కుర్రాడు: ఆటల్లో ఇచ్చే ట్రోఫీ కూడా ఇదేనా?

మునుగోడు మాస్టారు: కాదు. అది 'మలుపు' అనే వేరే మాట నుంచి వచ్చింది. చెరువులో ఎరువుల నీళ్లు చేరి నాచు కమ్మేస్తే యూట్రోఫికేషన్ అంటారు, అందులో ఉన్నది ఈ ట్రోఫేనే.

దేవరకొండ ఫిజియో: సార్, కాలికి ఆరు వారాలు కట్టు ఉంటే పిక్క సన్నబడుతుంది. పేషెంటు మూడు పూటలా తింటూనే ఉంటాడు. కదలిక లేక కండ పోతుంది. దాన్నీ అట్రోఫీ అనే అంటాం.

మునుగోడు మాస్టారు: పుట్టుక అడిగారు, చెప్పాను. ట్రోఫే అంటే పోషణే.

దేవరకొండ ఫిజియో: పుట్టుకతోనే అర్థం ఆగిపోదు కదా సార్. ఇప్పుడు ఎలా వాడుతున్నారో చూడాలి.

మునుగోడు మాస్టారు: అంటే నేతగాళ్లే పని మానేశారు, అందుకే మగ్గం పోయింది అంటారా? మా నాన్న నేసిన చీరకు చిన్న మరక ఉందని సేటు సగం కూలి కోశాడు. నూలు అప్పు మాత్రం పూర్తిగా పట్టుకున్నాడు. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెల్లుతుందనే గుర్తింపు వచ్చింది, మా నాన్న కూలి పెరగలేదు. తిండి పెట్టనిది ఎవరు?

గద్వాల ఆడపడుచు: నెమ్మదిగా మాట్లాడండి అన్నా.

దేవరకొండ ఫిజియో: నేనూ పద్మశాలి ఇంటి పిల్లనే సార్. మా అమ్మ చిన్నప్పటి నుంచి ఆసు పోసింది, అంటే నేతకు ముందు దారం సిద్ధం చేసే పని. కొక్కేల చుట్టూ దారం తిప్పీ తిప్పీ కుడి చెయ్యి భుజం దాటి లేవదు. చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేసింది కూడా వాళ్లమ్మ పడే ఈ బాధ చూసే. మా ఇంటికి అది చాలా ఆలస్యంగా వచ్చింది. నన్ను మగ్గం దగ్గరికి రానివ్వనిది మా అమ్మే. మమ్మల్ని ఎవరో వెళ్లగొట్టారని రాస్తే ఆమె నిర్ణయం ఏమైనట్టు?

మునుగోడు మాస్టారు: కూలి గిట్టుబాటైతే ఆ యంత్రం ముందే కొనేవారు కాదా అమ్మా?

దేవరకొండ ఫిజియో: కొనేవాళ్లమేమో. అయినా నన్ను చదివించేది.