డబ్బు ఒక్క పార్టుకే ఉంది: గ్రాఫిక్స్ కార్డా, ప్రాసెసరా?

రాత్రి_గేమర్:
నా పీసీకి ఆరేళ్లు దాటాయి. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు (6 జీబీ), 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, 450 వాట్ల పవర్ సప్లై. ఎక్కువగా ఆడేది కౌంటర్ స్ట్రైక్ 2. ఈమధ్య 144 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకి 144 ఫ్రేములు చూపించేది) కొన్నాను, గొడవంతా అక్కడే మొదలైంది. ఖాళీ మ్యాప్‌లో తిరుగుతుంటే 140 ఫ్రేములు వస్తాయి. పొగ బాంబు పడి నలుగురు ఒకచోట చేరారంటే చాలు, 65కి పడిపోతుంది. సరిగ్గా అప్పుడే నేను చచ్చిపోతాను. (నాకు ఆట బాగా వచ్చని కాదు. కానీ సగం తప్పు పీసీదే.)

మావాళ్లంతా "1060 ఎప్పుడో 2016 నాటి కార్డు, ముందు దాన్ని మార్చు" అంటున్నారు. సెకండ్ హ్యాండ్ ఆర్ఎక్స్ 6600 మీద కన్నేశాను. ఒక్కడు మాత్రం ప్రాసెసర్ మార్చమంటున్నాడు. రెండూ కొనే స్తోమత ఇప్పట్లో లేదు. ఏది కొనాలి?

ఫుల్_సెట్టింగ్స్:
ఇందులో ఆలోచించడానికేముంది బ్రో? 1060తో ఇంకా ఆడుతున్నావంటేనే గొప్ప. కార్డు కొనేయ్.

స్క్రూడ్రైవర్_బాబాయ్:
ఆగు తమ్ముడూ, ఎల్లుండి కొన్నా కొంపేమీ మునగదు. ముందు ఏ పార్టు ఏ పార్టు కోసం ఎదురుచూస్తోందో కనిపెట్టాలి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని, ఆడుతుండగా జీపీయూ (కార్డులోని చిప్పు) వాడకం ఎంతో స్క్రీన్ మూలన కనపడేలా పెట్టుకో. డెత్‌మ్యాచ్‌లో పది నిమిషాలు ఆడు. ఫ్రేములు పడిపోయినప్పుడు జీపీయూ 97, 98 శాతం దగ్గర ఉంటే కార్డు అలిసిపోయినట్టు. 60 దగ్గర ఉంటే కార్డు ఖాళీగా కూర్చుంది, ప్రాసెసర్ నుంచి పని అందడం లేదని అర్థం.

ప్రాసెసర్ వాడకం 50 శాతమే చూపిస్తోందని మోసపోకు. నీదాంట్లో 12 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని వరుసలు) ఉన్నాయి. గేమ్ భారమంతా వాటిలో ఒకటి రెండింటి మీదే పడి, మిగతావి ఊరికే ఉన్నా సగటు తక్కువే కనిపిస్తుంది.

ఇంకో పరీక్ష కూడా చెయ్. రిజల్యూషన్ బాగా తగ్గించి మళ్లీ అదే మ్యాప్ ఆడు. ఫ్రేములు పెరగకపోతే కార్డు మార్చినా నీకు ఒరిగేదేమీ లేదు.

రాత్రి_గేమర్:
రెండూ చేశాను బాబాయ్. గొడవ జరిగే చోట జీపీయూ 55 నుంచి 62 మధ్యే ఉంది. రిజల్యూషన్ 1280x960కి తగ్గించినా అదే 65. అంటే కార్డు కొని ఉంటే గోవిందా అన్నమాట. ప్రాసెసర్ ఆర్డర్ పెట్టేయనా?

స్క్రూడ్రైవర్_బాబాయ్:
ఇంకొక్క రోజు ఓపిక పట్టు. ఆ ర్యామ్ స్టిక్కులు రెండూ ఏ స్లాట్లలో ఉన్నాయి? బోర్డు మీద నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడ్ ఎంత చూపిస్తోందో కూడా రాయి.

రాత్రి_గేమర్:
నవ్వకండి. రెండూ పక్కపక్కనే, మొదటి రెండు స్లాట్లలో ఉన్నాయి. ర్యామ్ డబ్బా మీద 3200 అని ఉంది. టాస్క్ మేనేజర్‌లో 2400.

స్క్రూడ్రైవర్_బాబాయ్:
నవ్వను, నేనూ ఒకప్పుడు అలాగే పెట్టా. ఆ రెండు స్లాట్లూ ఒకే చానెల్‌వి. రెండు లేన్లున్న రోడ్డు మీద బళ్లన్నీ ఒకే లేన్‌లో వెళ్తున్నట్టు. స్టిక్కులు మార్చి, బయోస్‌లో (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని డబ్బా మీదున్న స్పీడ్‌కి నడిపే సెట్టింగు) ఆన్ చెయ్. 2600 మెమరీ విషయంలో కొంచెం పేచీ పెడుతుంది, 3200 దగ్గర బూట్ కాకపోతే 2933 పెట్టుకో.

రాత్రి_గేమర్:
మీరన్నట్టే 3200 పెడితే స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. నాకు చెమటలు పట్టాయి. మూడుసార్లు దానంతటదే ఆగి ఆన్ అయ్యి, చివరికి పాత సెట్టింగులతో వచ్చింది. 2933కి బాగానే నడుస్తోంది. 65 వచ్చే చోట ఇప్పుడు 85 వస్తోంది! ఆరేళ్లుగా ఇలాగే వాడానంటే ఏడుపొస్తోంది. అయినా మానిటర్ 144 కదా, ప్రాసెసర్ మార్చాలనే ఉంది. రైజెన్ 5 5500, 5600 రెండింటికీ ఆరు కోర్లే, 5500 చవక. అదే తీసుకోనా?

కాష్_పిచ్చోడు:
వద్దు. పేర్లు పక్కపక్కనే ఉన్నా లోపల తేడా ఉంది. 5500లో ఎల్3 కాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 16 ఎంబీ, 5600లో 32 ఎంబీ. నువ్వాడే గేమ్‌లో ఆ తేడా తెలుస్తుంది. నీ 2600లో ఉన్న 16 కూడా ఎనిమిదేసి చొప్పున రెండు ముక్కలు, మూడు కోర్లకొకటి. 5600లో ఆరు కోర్లూ మొత్తం 32నీ పంచుకుంటాయి. 96 ఎంబీ ఉన్న 5800ఎక్స్3డీ దొరికితే ఇంకా మంచిదే, కానీ నీ బడ్జెట్‌కి దాని ఊసు వద్దులే. 5600 కూడా పాతదానిలాగే 65 వాట్లదే, కాబట్టి పవర్ సప్లై జోలికి వెళ్లక్కర్లేదు.

తర్వాతెప్పుడైనా కార్డు కొనేటప్పుడు చవగ్గా వస్తోందని ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ మాత్రం తీసుకోకు. దానికి నాలుగే పీసీఐఈ లేన్లు (కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా దారులు), నీ బోర్డు మూడో తరందే కాబట్టి ఆ దారిలో స్పీడ్ సగమే వస్తుంది. 6600కి ఎనిమిదున్నాయి, పెద్దగా నష్టం ఉండదు.

స్క్రూడ్రైవర్_బాబాయ్:
బయోస్ అప్‌డేట్ పాత ప్రాసెసర్ ఉండగానే చెయ్. తీసేశాక గుర్తొస్తే చాలా బోర్డుల్లో ఇక దారి ఉండదు. బోర్డు వెబ్ పేజీలో 5600కి ఏ వెర్షన్ కావాలో రాసి ఉంటుంది. కొన్ని బోర్డుల్లో కొత్త బయోస్ పాత ప్రాసెసర్లను వదిలేస్తుంది, అదీ చదువుకో.

ఇక కూలర్ తీసే సంగతి. నీ బోర్డులోని ఏఎం4 సాకెట్‌లో (ప్రాసెసర్ కూర్చునే చోటు) ప్రాసెసర్‌ని పైనుంచి పట్టుకునే మూత ఉండదు. ఒకసారి నేను స్క్రూలు విప్పి కూలర్‌ని నిటారుగా లాగాను. గట్టిపడిన థర్మల్ పేస్టుకి (ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేర్చేది) అంటుకుని ప్రాసెసర్ కూడా లివర్ వేసి ఉండగానే ఊడొచ్చింది. 1331 పిన్నుల్లో ఏడు వంగాయి. లెడ్డు తీసేసిన పెన్ పెన్సిల్ మొనలోకి ఒక్కో పిన్ను దూర్చి, పక్కనున్న వరుసతో పోల్చుకుంటూ నిలబెట్టాను. రెండు గంటలు, ఊపిరి బిగబట్టి. అది ఇప్పటికీ పనిచేస్తోంది గానీ నా నడుము పనిచేయడం మానేసింది.

నువ్వు ముందు కాసేపు గేమ్ ఆడు, పేస్టు వేడెక్కుతుంది. షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, స్క్రూలు విప్పాక కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పు. వదులైందని తెలిశాకే పైకెత్తు. క్యాబినెట్‌ని పడుకోబెట్టి చెయ్, లేకపోతే స్క్రూలు ఊడగానే వెనక ఉన్న ప్లేటు జారి లోపల పడుతుంది.

ఫుల్_సెట్టింగ్స్:
సరే సరే, నా సలహా వెనక్కి తీసుకుంటున్నా. నా స్టిక్కులు ఎక్కడున్నాయో చూసుకోవాలి ఇప్పుడు.

రాత్రి_గేమర్:
5600 ఆర్డర్ పెట్టా. బయోస్ అప్‌డేట్ ఈ రాత్రే చేద్దామని పెన్ డ్రైవ్ ఫ్యాట్ 32కి ఫార్మాట్ చేయబోయా. చూస్తే దాన్నిండా మా చెల్లి ప్రాజెక్టు ఫైళ్లు. ముందు వాటిని కాపీ చేస్తున్నా, ఇంకా నలభై నిమిషాలు చూపిస్తోంది.