అపోజీ డేటాలో పాలపుంత మెటాలిసిటీ వాలు సగమే వస్తోంది, ఎక్కడ తేడా?

అరుంధతి_నక్షత్రం
నక్షత్రాల వర్ణపటాలు తీసే అపోజీ సర్వే 17వ డేటా విడుదల (డీఆర్17)లోని ఎర్ర జెయింట్ నక్షత్రాలతో, పాలపుంత కేంద్రం నుంచి బయటికి వెళ్లేకొద్దీ ఇనుము (మెటాలిసిటీ) ఎలా తగ్గుతుందో గీస్తున్నాను. 4 నుంచి 14 కిలోపార్సెక్‌ల (ఒక్కోటి సుమారు 3,260 కాంతి సంవత్సరాలు) మధ్య సరళరేఖ అమరిస్తే వాలు కిలోపార్సెక్‌కి −0.03 డెక్స్ (పది ఆధారంగా లాగ్ కొలత, సూర్యుడి మెటాలిసిటీ 0) వస్తోంది. పలుచని డిస్క్‌కి −0.06 దగ్గర రావాలి కదా? సిగ్నల్-టు-నాయిస్ 80 దాటినవే ఉంచాను, దూరానికి గాయా ఉపగ్రహం కొలిచిన పారలాక్స్‌ని (భూమి కదలిక వల్ల నక్షత్రం జరిగినట్టు కనిపించే కోణం) తిరగేశాను, అంటే 1ని దానితో భాగించాను. ఇంకొకటి: మెగ్నీషియం/ఇనుము గ్రాఫ్‌లో సూర్యుడి చుట్టుపక్కల రెండు పాయలు కనిపిస్తున్నాయి, 11 కిలోపార్సెక్‌లు దాటాక పై పాయ దాదాపు లేదు. అది నిజమేనా?

వర్ణపటం
నిజమేనండి. ఆల్ఫా మూలకాలు (ఆక్సిజన్, మెగ్నీషియం లాంటివి) ఎక్కువున్న మందపాటి డిస్క్, అంటే మీ పై పాయ, లోపలి వైపే ముద్దగా ఉంది, దాని స్కేల్ పొడవు (సాంద్రత సుమారు మూడో వంతుకి పడిపోయే దూరం) సుమారు 2 కిలోపార్సెక్‌లే. మీ వాలు తగ్గడానికి మొదటి కారణం కూడా అదే. ఎత్తు మీద కట్ పెట్టకపోతే −0.5 మెటాలిసిటీ ఉన్న ఆ పాత నక్షత్రాలు లోపలి సగటుని కిందికి లాగుతాయి. బయట అవి లేవు కాబట్టి అక్కడి సగటు కదలదు, గీత చదునవుతుంది.

ముందు అపోజీ కొలతల నాణ్యత చెప్పే అస్ప్‌క్యాప్ ఫ్లాగ్‌లో 23వ బిట్ (స్టార్ బ్యాడ్) ఉన్నవి తీసేయండి. ఎక్స్‌ట్రాటార్గ్ అనే మరో ఫ్లాగ్‌లో 4వ బిట్ ఉన్నవి ఒకే నక్షత్రానికి రెండో వరుసలు, అవీ వద్దు. తర్వాత డిస్క్ తలం నుంచి 0.5 కిలోపార్సెక్ లోపలివి మాత్రమే ఉంచి, కింది పాయను వేరు చేయండి. మెగ్నీషియం/ఇనుము గ్రాఫ్‌లో మెటాలిసిటీ 0 దగ్గర 0.12, −0.5 దగ్గర 0.18 గుండా వెళ్లే గీత చాలావరకు సరిపోతుంది. మీ గ్రాఫ్‌లో రెండు పాయల మధ్య ఖాళీ ఎక్కడుందో చూసి సర్దుకోండి.

చాలామంది వదిలేసేది లాగ్ జి (నక్షత్రం ఉపరితల గురుత్వపు లాగ్ విలువ). దగ్గర్లో మసక జెయింట్‌లూ దొరుకుతాయి, దూరంలో బాగా ప్రకాశించేవే దొరుకుతాయి. లాగ్ జి తో పాటు మారే చిన్న కొలత దోషం ఉన్నా అది దూరంతో వచ్చే వాలులా కనిపిస్తుంది. అందుకే అన్ని చోట్లా 1 నుంచి 2 మధ్యవే తీసుకోండి.

మృగశిర
పాయలు ఎందుకు రెండయ్యాయో తెలిస్తే ఈ కట్‌లు గుడ్డిగా పెట్టాల్సిన పని ఉండదు. సూర్యుడికి 8 రెట్లు మించిన ద్రవ్యరాశి ఉన్నవి దాదాపు 4 కోట్ల ఏళ్లలోపే పేలి ఆక్సిజన్, మెగ్నీషియం చల్లుతాయి. శ్వేత కుబ్జాల టైప్ 1ఎ సూపర్‌నోవాలు ఆ తర్వాత మొదలై వందల కోట్ల ఏళ్లపాటు ఇనుము కలుపుతూ పోతాయి. నక్షత్రాలు వేగంగా పుట్టిన చోట, టైప్ 1ఎ ఇనుము అందేలోపే మెటాలిసిటీ బాగా పెరిగిపోతుంది. కాబట్టి గ్రాఫ్‌లో ఆల్ఫా కిందికి వంగే మలుపు బల్జ్‌లో (పాలపుంత కేంద్రపు ఉబ్బు) −0.5 చుట్టూ వస్తే, నెమ్మదిగా సాగిన స్కల్ప్టర్ మరుగుజ్జు గెలాక్సీలో −1.5 కంటే కిందే వస్తుంది. డిస్క్ చుట్టూ ఉన్న హేలోలో, పాలపుంత మింగేసిన గాయా-ఎన్సెలడస్ గెలాక్సీ నక్షత్రాలను పట్టించిందీ ఇదే: అదే మెటాలిసిటీ దగ్గర వాటి ఆల్ఫా తక్కువ.

ఈ పనికి కార్బన్, నైట్రోజన్ వాడకండి. జెయింట్ దశలో లోపలి పదార్థం పైకి తేలి అవి మారిపోతాయి, పుట్టిన వాయువు జాడ పోతుంది. ఆ మార్పు ద్రవ్యరాశి మీద ఆధారపడుతుంది కనుక కార్బన్/నైట్రోజన్ నిష్పత్తి వయసు అంచనాకి మాత్రం పనికొస్తుంది.

దూరమానం
పారలాక్స్ తిరగేయడమే నాకు పెద్ద అనుమానం. 8 కిలోపార్సెక్‌ల దగ్గర పారలాక్స్ 0.125 మిల్లీ ఆర్క్‌సెకండ్. గాయా జీరో పాయింట్ (పారలాక్స్‌లన్నిటిలో ఉండే స్థిర దోషం) −0.03 ఉంటే 0.095 కనిపిస్తుంది, దూరం 10.5 అయిపోతుంది. దూరాలు అలా సాగితే వాలు తగ్గడం ఖాయం. యాదృచ్ఛిక దోషం కూడా వాలుని తగ్గించే దిశలోనే పనిచేస్తుంది. పోనీ పారలాక్స్ దోషం మీద కట్ పెడదామంటే దూరపు నక్షత్రాలే రాలిపోతాయి. డీఆర్17తో పాటు వచ్చిన ఆస్ట్రోఎన్ఎన్ కేటలాగ్ (న్యూరల్ నెట్‌వర్క్‌తో లెక్కించినది) దూరాలు వాడండి, సూర్యుడిని కేంద్రం నుంచి 8.2 దగ్గర పెట్టండి.

అరుంధతి_నక్షత్రం
దూరాలు, కట్‌లు మార్చి మళ్లీ గీస్తాను. గీతని 4 కంటే లోపలికి, బల్జ్ దాకా పొడిగించవచ్చా?

వర్ణపటం
వద్దు, అసలు 6 నుంచే మొదలుపెట్టండి. లోపల వాలు చదునవుతుంది, కేంద్రం దగ్గర బార్ (కడ్డీ ఆకారంలో నక్షత్రాల గుంపు) ఉంది. ఒకే గీత అక్కడ కుదరదు.

సగటుతో ఆగకండి, ప్రతి దూరానికీ హిస్టోగ్రామ్ వేయండి. 2015లో హేడెన్ బృందం 69,919 జెయింట్‌లతో చూపించినట్టు, తలానికి దగ్గర్లో లోపలి డిస్క్ హిస్టోగ్రామ్ తోక ఇనుము తక్కువ వైపు, బయట ఎక్కువ వైపు సాగుతుంది. లోపల పుట్టినవి బయటికి వలస వెళ్లాయనడానికి అది బలమైన ఆధారం. వయసు పెరిగేకొద్దీ వాలు చదునయ్యేది చాలావరకు ఈ వలస వల్లే, కాబట్టి వయసుల వారీగా విడదీయకుండా −0.06తో పోల్చకండి.