న్యూయార్క్ పాత జర్మన్ పేట నడిచి చూడాలంటే ఏ వరసలో వెళ్లాలి?

ప్రశ్న:
ఈస్ట్ విలేజ్‌లో ఒకప్పటి జర్మన్ వలసదారుల పేట, క్లైన్‌డాయ్చ్‌లాండ్, చూద్దామనుకుంటున్నాను. ఒక పూట టైముంది, గైడ్ అక్కర్లేదు. వీధి ఫొటోల్లో చూస్తే అన్నీ బార్లూ తిండి షాపులే. అసలేమైనా మిగిలిందా?

జవాబు 1:
మిగిలిందండీ, కాకపోతే తలెత్తి చూడాలి. కింది అంతస్తుల్లో షాపులు మారిపోయాయి, రాతలూ బొమ్మలూ పైన ఉన్నాయి.

6 నంబర్ ట్రైన్‌లో ఆస్టర్ ప్లేస్‌లో దిగి సెయింట్ మార్క్స్ ప్లేస్ మీదుగా తూర్పుకి నడవండి. కుడివైపు 12వ నంబరు, 1880ల చివర్లో కట్టిన జర్మన్ షూటింగ్ క్లబ్బు. సంఘం పేరు, ‘ఐకమత్యమే బలం’ అన్న జర్మన్ మాట, గురి చక్రం, అడ్డంగా పెట్టిన తుపాకులు అన్నీ గోడమీదే ఉంటాయి. ఎదుటి ఫుట్‌పాత్ మీద నిలబడితేనే చదవగలరు.

సెకండ్ అవెన్యూలో ఎడమకు తిరిగితే 135, 137. రెండూ 1884వి, ఆర్కిటెక్టు విలియం షికెల్. 135 ఆటెన్‌డార్ఫర్ లైబ్రరీ. తెరిచినప్పుడు సుమారు 8,000 పుస్తకాలు, సగం జర్మన్, సగం ఇంగ్లిష్. పక్కది జర్మన్ డిస్పెన్సరీ. హిపోక్రటీస్, గేలెన్, హంబోల్ట్ వగైరా పాత వైద్యుల, శాస్త్రవేత్తల తలలు టెర్రకోటాలో ఉన్నాయి. తొందరపడకుండా చూడాల్సింది ఇదే.

వెనక్కొచ్చి ఈస్ట్ 6వ వీధిలో 323, అంటే పాత సెయింట్ మార్క్స్ లూథరన్ చర్చి, అక్కణ్నుంచి టాంప్కిన్స్ స్క్వేర్ పార్కు, చివర్లో ఈస్ట్ 3వ వీధిలో 173, 1852 నాటి కాథలిక్ చర్చి. తిరుగు ప్రయాణానికి హ్యూస్టన్ వీధిలో ఎఫ్ ట్రైన్ దగ్గర.

జవాబు 2:
పై వరస బాగుంది. ఫొటోలు కావాలంటే పొద్దున్నే వెళ్లండి. లైబ్రరీ, డిస్పెన్సరీ తూర్పుముఖం, మధ్యాహ్నం దాటితే నీడలో పడిపోతాయి. షూటింగ్ క్లబ్బుది ఉత్తరముఖం, దానికి ఎండ కోసం ఎదురుచూడటం దండగ.

చాలామంది తప్పేది 323 దగ్గర. సెయింట్ మార్క్స్ లూథరన్ చర్చి అని వెతుకుతూ 10వ వీధిలోని సెయింట్ మార్క్స్ ఇన్ ది బౌరీకి వెళ్లిపోతారు. అది ఎపిస్కోపల్ అనే వేరే శాఖ చర్చి, దీనికీ దానికీ సంబంధం లేదు. మీకు కావల్సిన భవనం ఇప్పుడు సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం), కాబట్టి బోర్డు చూసి వెనక్కి తిరగకండి. 1904 జూన్ 15న ఈ చర్చివాళ్లు పిక్నిక్‌కి బయల్దేరిన జనరల్ స్లోకమ్ నౌక తగలబడి వెయ్యిమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలూ. పార్కులో ఉత్తరం వైపున్న చిన్న పాలరాతి ఫౌంటెన్ వాళ్ల స్మారకం, 1906లో పెట్టారు. చూడకుండా దాటిపోతారు జాగ్రత్త.

ఆ ప్రమాదంతోనే పేట ఖాళీ అయిందని గైడ్లు చెబుతుంటారు. అది సగమే నిజం. అప్పటికే చాలా కుటుంబాలు మాన్‌హట్టన్‌లోనే ఇంకా ఉత్తరాన ఉన్న యార్క్‌విల్‌కి మారుతున్నాయి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అదే రోజు యార్క్‌విల్ కూడా కుదురుతుందా?

జవాబు 2:
ఒక్కచోటికైతే కుదురుతుంది. ఫస్ట్ అవెన్యూలో పైకి పోయే ఎం15 బస్సెక్కి 84వ వీధి దగ్గర దిగండి. అక్కడ 339లో జయన్ సెయింట్ మార్క్స్ చర్చి ఉంది. 6వ వీధి సంఘం 1946లో కలిసింది అందులోనే.