ఎగిరే తెల్లకొంగ: ఒకసారి ఓవర్, ఒకసారి బూడిదరంగు, పైగా పదును లేదు

ప్రశ్న (చెరువుగట్టు):
400 ఎం.ఎం. ఎఫ్ 5.6 లెన్స్, క్రాప్ సెన్సార్ (చిన్న సెన్సార్) మిర్రర్‌లెస్ కెమెరా. అపెర్చర్ ప్రయారిటీ (లెన్స్ రంధ్రం నేను పెడతాను, షట్టర్ వేగం కెమెరా చూసుకుంటుంది), ఆటో ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం కూడా కెమెరాదే), కంటిన్యువస్ ఫోకస్ (కదిలే పిట్టను వెంటాడే ఫోకస్). కొంగ నిలబడి ఉన్నంతసేపు ఫోటో బాగానే వస్తోంది. లేచి చెట్ల ముందు నుంచి వెళ్తే తెలుపంతా ఓవర్ (వెలుగు ఎక్కువై మాసిపోవడం), ఈకల గీత ఒక్కటీ కనబడదు. అదే కొంగ ఆకాశంలోకి వెళ్తే బూడిదరంగు. షట్టర్ 1/800 సెకను దాకా వస్తోంది. పది ఫ్రేముల్లో ఏడెనిమిది మెత్తగా ఉంటున్నాయి, పొద్దున 10 దాటాక తీసినవి మరీను. తప్పు ఎక్కడండీ?

నీటికోడి:
కొంగ మీద పడే ఎండ మారలేదండీ, దాని వెనకున్నది మారింది. ఫ్రేములో ఉన్నదంతా కలిపి మధ్యస్థ బూడిదరంగుకు తేవడమే కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ పని. వెనక చీకటి చెట్లు వస్తే వెలుగు పెంచుతుంది, ఆకాశం వస్తే తగ్గిస్తుంది. కాంపెన్సేషన్ (మీటర్ లెక్కను మనం పెంచి తగ్గించే డయల్) తిప్పుదామంటే, రెక్క నాలుగుసార్లు ఆడేలోపు వెనక దృశ్యం మారిపోతుంది. వేలు అందుకోలేదు.

అన్నీ మీరే పెట్టే పూర్తి మాన్యువల్‌కి వెళ్లండి. ఆటో ఐఎస్ఓ కూడా తీసేయాలి. అది ఉన్నంతకాలం మాన్యువల్ పేరుకే, నడిపేది మీటరే. పొద్దుటి ఏటవాలు ఎండకి ఎఫ్ 5.6, 1/2500, ఐఎస్ఓ 400తో మొదలుపెట్టి, నిలబడి ఉన్న కొంగను ఒకటి తీయండి. హైలైట్ హెచ్చరిక ఆన్ చేసి చూస్తే ఓవర్ అయిన చోట్లు మినుకుమంటాయి. వీపు, మెడ వంపు మినుకుమంటే ఐఎస్ఓ ఒక్కో క్లిక్కు తగ్గిస్తూ, మినుకు ఆగేదాకా రండి. అక్కడ ఆపి ఇక ముట్టుకోవద్దు. వెనక చెట్లున్నా ఆకాశమున్నా తెలుపు ఒకేలా వస్తుంది. నీటికాకి లాంటి నల్లపిట్ట వస్తే మాత్రం ఒక స్టాప్ (అంటే వెలుగు రెట్టింపు) పెంచాలి, లేకపోతే ఈకలు ముద్దలా వస్తాయి.

రెక్కచప్పుడు:
పదును సంగతి. 1/800 చాలదు. కొంగ రెక్క నిదానమే కాబట్టి 1/1600 సరిపోతుంది, 1/2000 అయితే నిశ్చింత. నీళ్లలోకి దూకే లకుముకి పిట్టకి 1/3200 అయినా కావాలి. ఫోకస్ ఏరియా ఫ్రేమంతా పెట్టకండి, చెట్ల కొమ్మల మీదకి జారిపోతుంది. మధ్యలో చిన్న జోన్ చాలు. లెన్స్ మీద దూరం పరిమితి స్విచ్ ఉంటే దగ్గరి దూరాలను కట్ చేయండి, ఫోకస్ ఈ చివర నుంచి ఆ చివరకి వెతుక్కోవడం తగ్గుతుంది. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో చాలా బాడీల్లో రెక్క వంకరపోతుంది, మెకానికల్ వాడండి.

ఇంకోటి, పిట్టలు గాలికి ఎదురుగా లేస్తాయి. గాలీ ఎండా రెండూ మీ వీపు వైపు ఉండేలా నిలబడితే కొంగ మీవైపే లేస్తుంది. లేవబోయే ముందు కాళ్లు కొంచెం మడిచి ఒళ్లు ముందుకు వంచుతుంది, చాలాసార్లు రెట్ట కూడా వేస్తుంది. వేలు అప్పుడే నొక్కి ఉండాలి.

ఎండపొడ:
10 తర్వాత పాడయ్యేవి ఫోకస్ తప్పినవి కాకపోవచ్చు. వరుస ఫ్రేములు పెద్దవి చేసి చూడండి. ముక్కు అంచు ఒకదాంట్లో వంకరగా, ఇంకోదాంట్లో రెండుగా కనబడితే అది నేల సెగ. దానికి ఏ సెట్టింగూ, ఎంత ఖరీదు లెన్సూ పనిచేయవు. దూరం తగ్గించాలి, లేదా పెందలాడే వెళ్లాలి. ఎండిన మట్టి, రాళ్లు, తారురోడ్డు మీదుగా తీస్తే ఇంకా ఎక్కువ. నేలకి ఆనుకుని తీసే ఫోటోలు పొద్దున్నే ముగించండి.

దగ్గరికి వెళ్లేటప్పుడు నేరుగా నడవకండి, ఏటవాలుగా వెళ్లండి. మేత మానేసి మెడ నిటారుగా చాపిందంటే అక్కడే ఆగాలి. గూళ్లున్న చెట్టు జోలికి వద్దు. తల్లి లేస్తే గుడ్లు ఎండకీ కాకులకీ దొరుకుతాయి.

చెరువుగట్టు:
మబ్బు వస్తూ పోతూ ఉంటే మాన్యువల్ ఎలాగండీ?

నీటికోడి:
ఐఎస్ఓ డయల్ ఒక్కటే తిప్పండి. ఒక్కో క్లిక్కు మూడోవంతు స్టాప్ మారేలా పెట్టుకుంటే మూడు క్లిక్కులు ఒక స్టాప్. పల్చటి మబ్బుకి మూడు పెంచాలి, దట్టమైనదైతే ఆరు నుంచి తొమ్మిది. మబ్బు నీడ నీటి మీద జరిగి రావడం కనబడుతుంది, అది కొంగని చేరేలోపే తిప్పేయండి.