టిన్నిటస్ ఉన్నవాళ్లు గుబిలి ఎలా తీయించుకున్నారు?

రెండు చెవుల్లోనూ కీచురాయి అరిచినట్టు టిన్నిటస్ (బయట శబ్దమేమీ లేకపోయినా చెవిలో వినిపించే హోరు), 4 ఏళ్లుగా. అది అలవాటైపోయింది. 3 వారాల క్రితం కుడి చెవి గుబిలితో మూసుకుపోయింది. ఆ వైపు హోరు బాగా పెరిగింది, అన్నం నమిలితే దవడ చప్పుడు తలలోనే మోగుతోంది. నొప్పి, చీము, కళ్లు తిరగడం లేవు. కర్ణభేరికి చిల్లు లేదని డాక్టర్ చూసి చెప్పారు.

5 రోజులు ఆలివ్ నూనె, తర్వాత 4 రోజులు సోడియం బైకార్బొనేట్ చుక్కలు, రెండు పూటలా వేశాను. కాసేపు తెరుచుకున్నట్టే ఉంటుంది, తెల్లారేసరికి మళ్లీ దిమ్మ. (ఒకసారి దూది ఇయర్‌బడ్ పెట్టాను, బుద్ధి తక్కువై. ఇంకా లోపలికి నెట్టినట్టున్నాను.)

ఇప్పుడు డాక్టర్ సక్షన్‌తో, అంటే మిషన్‌తో పీల్చి, తీద్దామంటున్నారు. ఆ మిషన్ మోత చెవిలోనే కదా, ఉన్న హోరు పెరిగి అలాగే ఉండిపోతుందేమోనని భయం. నీళ్లతో కడగడం, సన్నటి కొక్కెంతో తీయడం కూడా ఉన్నాయట.

టిన్నిటస్ ఉండి గుబిలి తీయించుకున్నవాళ్లు చెప్పండి: ఈ మూడింట్లో ఏ పద్ధతిలో మీకు హోరు పెరగలేదు?