జులైలో ఎల్లోస్టోన్‌కి ట్రెయిలర్: జనరేటర్ కొనాలా, లిథియం బ్యాటరీలు వేయించాలా?

ప్లేనో_ట్రెయిలర్:
అందరికీ నమస్కారం. జులై రెండో వారంలో టెక్సాస్‌లోని ప్లేనో నుంచి ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్తున్నాం. మాది 25 అడుగుల ట్రావెల్ ట్రెయిలర్ (బండి వెనక లాక్కెళ్లే చిన్న ఇల్లు), 30 ఆంపులది, పైన 13,500 బీటీయూ ఏసీ ఉంది. బ్రిడ్జ్ బే క్యాంప్‌గ్రౌండ్‌లో నాలుగు రాత్రులు దొరికాయి, కానీ అక్కడ కరెంటు హుకప్, అంటే ట్రెయిలర్ ప్లగ్ పెట్టుకునే కనెక్షన్, లేదు. పార్కు మొత్తంలో హుకప్ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కులోనే. అది మాకు దొరకలేదు. గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్యగారు కూడా మాతో వస్తున్నారు. మామయ్యగారు రాత్రంతా సీపాప్ మెషీన్ (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కుతో గాలి పంపేది) పెట్టుకునే పడుకోవాలి. నేను 2,200 వాట్ల ఇన్వర్టర్ జనరేటర్ కొందామంటున్నాను. మా ఆయనేమో ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి రెండు లిథియం బ్యాటరీలు, పైన సోలార్ వేయిద్దాం, పొగా గోలా ఉండవు అంటున్నారు. వారం నుంచి ఇంట్లో ఇదే చర్చ. వాడినవాళ్లు చెప్పండి.

హ్యూస్టన్_హైవే:
జనరేటర్ కొనేయండి. లెక్క చూడండి: మీ ఏసీ నడిచేటప్పుడు దాదాపు 1,300 వాట్లు లాగుతుంది. వంద ఆంపవర్ల (బ్యాటరీ నిల్వకి కొలత) లిథియం బ్యాటరీలో ఉండేది 1,280 వాట్-అవర్లు. అంటే బ్యాటరీకి గంట కూడా రాదు. రెండు పెడితే రెండు గంటలు, అంతే. మీరు దారిలో అమరిల్లో దగ్గర ఆగుతారు కదా, జులైలో అక్కడ సాయంత్రం ఆరింటికి కూడా ట్రెయిలర్ లోపల పెనం మీద కూర్చున్నట్టే ఉంటుంది. పెద్దవాళ్లని అందులో ఉంచలేం. పైగా మన వంట ఉంది. ఆరు క్వార్ట్‌ల ఇన్‌స్టంట్ పాట్ ఒక్కటే వెయ్యి వాట్లు. మేం నాలుగేళ్లుగా జనరేటర్‌తోనే తిరుగుతున్నాం. ఒక్క సలహా: ఏసీకి సాఫ్ట్ స్టార్ట్ (మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగకుండా చేసే పరికరం) పెట్టించండి. అది లేకపోతే కంప్రెసర్ ఎత్తుకునేటప్పుడు చిన్న జనరేటర్ ఓవర్‌లోడ్ అయి ఆగిపోతుంది.

డెన్వర్_కొండలు:
నేను ఒప్పుకోను. బ్రిడ్జ్ బే 7,800 అడుగుల ఎత్తులో ఉంది. జులైలో కూడా రాత్రి దుప్పటి కాదు, రగ్గు కావాలి. అక్కడ ఏసీతో పనే లేదు.

ఇంకో సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందట కొలరాడోలో ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో ఉన్నాం. మా పాపకి అప్పుడు పద్నాలుగు నెలలు. మధ్యాహ్నం నిద్రపుచ్చి నేనూ పక్కనే ఒరిగాను. కాసేపటికి కింద గోడకున్న అలారం నాలుగుసార్లు కూసింది, ఆగింది, మళ్లీ నాలుగుసార్లు. బ్యాటరీ అయిపోయిందేమో అనుకుని లేవబోతే తల దిమ్ముగా ఉంది. పాపని ఎత్తుకుని మెట్లు దూకి బయటపడ్డాను. చూస్తే పక్క సైటువాళ్ల జనరేటర్, పొగగొట్టం సరిగ్గా మా పడకగది కిటికీ వైపే ఉంది. కిటికీ బెత్తెడు తెరిచి ఉంచాను, గాలి కోసం. జనరేటర్ పొగలో ఉండే విషవాయువు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. అలారం కూయకపోతే ఏమయ్యేదో నేను ఇప్పటికీ తలుచుకోలేను.

హ్యూస్టన్_హైవే:
చదువుతుంటేనే గుండె జారింది అక్కా. పాప బాగున్నందుకు దేవుడికి దండం. కానీ అది జనరేటర్ తప్పు కాదు, పెట్టిన చోటు తప్పు. ఇరవై అడుగుల దూరం, పొగగొట్టం మనుషులకి అటువైపు, ఏ కిటికీకీ దగ్గర కాకుండా. ఇవి పాటిస్తే భయం లేదు.

డెన్వర్_కొండలు:
పాటించాల్సింది వాళ్లు, పీల్చింది మేము. సైట్లు పక్కపక్కనే ఉన్నచోట మనకి ఇరవై అడుగులంటే పక్కవాళ్లకి ఐదు అడుగులు కావచ్చు. ట్రెయిలర్ వైరు పొడవు కూడా పాతిక, ముప్పై అడుగులే. అందుకని అందరూ దగ్గరికే లాక్కుంటారు.

ఫీనిక్స్_వైరింగ్:
మీరిద్దరూ ఏసీ గురించి వాదిస్తున్నారు. ఆవిడ సమస్య ఏసీ కాదు, రాత్రి సీపాప్. ఎల్లోస్టోన్‌లో జనరేటర్‌కి అనుమతి ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లలో కూడా పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకే నడపాలి. నేషనల్ పార్కుల్లో యాభై అడుగుల దూరంలో 60 డెసిబెల్స్ దాటకూడదు కూడా. మామయ్యగారు పడుకునే వేళకి ఎంత మంచి జనరేటరైనా ఆపేయాల్సిందే. కాబట్టి రాత్రిని మోయాల్సింది బ్యాటరీయే.

ఇప్పుడు రాత్రి లెక్క. ట్రెయిలర్‌తో వచ్చే లెడ్ యాసిడ్ బ్యాటరీ సుమారు 80 ఆంపవర్లు. అందులో సగమే వాడాలి, అంటే 40. చలికి ఫర్నేస్ (గది వెచ్చబెట్టే హీటర్) వేస్తారు. గ్యాస్‌తో మండినా దాని ఫ్యాన్ బ్యాటరీ మీదే తిరుగుతుంది, ఏడు ఆంపులు లాగుతుంది. ఎనిమిది గంటల్లో సగం సేపు తిరిగినా 28. సీపాప్‌ని, దాని గాలికి తేమ కలిపే హ్యుమిడిఫైయర్ ఆపేసి, 12 వోల్టుల వైరుతో నడిపితే ఆంపున్నర, రాత్రికి 12. అక్కడికే 40 అయిపోయింది. లైట్లు, నీళ్ల పంపు, ఫ్రిజ్ బోర్డు ఇంకా లెక్కలోకే రాలేదు. తెల్లవారకముందే మెషీన్ ఆగుతుంది. రెండు లిథియంలుంటే ఈ టెన్షనే ఉండదు.

జనరేటర్‌కి ఎత్తు దెబ్బ కూడా ఉంది. ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు మూడున్నర శాతం పవర్ పోతుంది. నిలకడగా 1,800 వాట్లు ఇచ్చేది అక్కడ 1,300కి దిగుతుంది. ఏసీ, ఇన్‌స్టంట్ పాట్ కలిపి అన్న మాట మర్చిపోండి.

ఇంకొకటి: మన ఊళ్లో ఇన్వర్టర్ అంటే కరెంటు పోతే పనికొచ్చే బ్యాటరీ పెట్టె. ఇక్కడ ఇన్వర్టర్ జనరేటర్ అంటే పెట్రోలుతో నడిచే మెషీనే. అలాంటి చిన్నవాటిలో చాలావాటికి న్యూట్రల్ ఎర్త్‌కి కలిపి ఉండదు. ట్రెయిలర్‌కి సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు తేడాల నుంచి కాపాడే పరికరం) ఉంటే అది ఎర్త్ తప్పు చూపించి కరెంటు లోపలికి వదలదు. ఆ రెండింటినీ కలిపే న్యూట్రల్ బాండింగ్ ప్లగ్ అని చిన్నది దొరుకుతుంది, ముందే కొనుక్కోండి.

డెన్వర్_కొండలు:
అందుకే జనరేటర్ వద్దంటున్నా, బ్యాటరీలకి తోడు సోలార్ వేసుకుంటే చాలు.

ఫీనిక్స్_వైరింగ్:
చాలకపోవచ్చు. చెట్ల కింద సైటు వస్తే ప్యానెళ్లు దాదాపు ఉత్తవే. జులైలో అక్కడ మధ్యాహ్నం ఉరుముల వాన మామూలే. వరసగా రెండు రోజులు మబ్బు పట్టిందంటే చిన్న జనరేటర్ పగటిపూట మూడు, నాలుగు గంటలు ఆడించి బ్యాటరీలు నింపుకోవాలి. ట్రెయిలర్ కన్వర్టర్ (బ్యాటరీలని ఛార్జ్ చేసే పెట్టె) 55 ఆంపులదైతే 200 ఆంపవర్లకి సరిపోయే సమయం అది. కన్వర్టర్‌కి లిథియం సెట్టింగ్ ఉందో లేదో చూసుకోండి. గడ్డకట్టే చలిలో లిథియంని ఛార్జ్ చేయకూడదు, అది కూడా గుర్తుంచుకోండి.

హ్యూస్టన్_హైవే:
ఎత్తు సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు, నిజమే. మేం తిరిగిందంతా టెక్సాస్, లూసియానాలే. అమరిల్లో మాట మీద మాత్రం ఉన్నాను.

ప్లేనో_ట్రెయిలర్:
అందరికీ థాంక్సండీ. డెన్వర్ అక్క రాసింది అత్తయ్యకి చదివి వినిపించాను. జనరేటర్ అసలే వద్దంటున్నారు, ఆవిడకి నెమ్మదిగా చెప్పాలి. ముందు లిథియంలు రెండూ వేయిస్తున్నాం. అమరిల్లోలో హుకప్ ఉన్న పార్కు బుక్ చేశాను, ఆ రాత్రికి ఏసీ బెంగ లేదు. జనరేటర్ మాత్రం కొనకుండా నాలుగు రోజులకి అద్దెకి తెచ్చుకుంటాం, మబ్బు పడితేనే తీస్తాం. రేపు రాత్రి ఇంటి ముందే ట్రెయిలర్ ప్లగ్ పీకేసి, ఫర్నేస్ వేసి మామయ్యగారు, మా ఆయన అందులోనే పడుకుంటున్నారు. ఇక్కడ ఇంకా మార్చి చలి ఉంది కదా, పాత బ్యాటరీ ఎన్నింటిదాకా ఆగుతుందో చూస్తాం. మా ఆయన ప్రతి రెండు గంటలకీ లేచి వోల్టేజీ రాసి పెడతానన్నారు. ఆ కాగితం ఇక్కడ పెడతాను.