నక్షత్ర వీక్షణ శిబిరానికి టెలిస్కోపుతో సరిహద్దు దాటడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. పొరుగు దేశంలో జరిగే నక్షత్ర వీక్షకుల శిబిరానికి వెళ్తున్నాను. వెంట ఎనిమిది అంగుళాల టెలిస్కోపు, మోటారు మౌంటు (టెలిస్కోపును నిలిపి తిప్పే భాగం), ట్రైపాడ్, కెమెరా, కొన్ని ఐపీసులు (కన్ను ఆనించి చూసే కటకాలు), బ్యాటరీ, ఆకుపచ్చ లేజర్ పాయింటర్ ఉంటాయి. అన్నీ నేను వాడుతున్నవే. విమానంలో వెళ్లి రోడ్డు మార్గాన తిరిగి వస్తాను. అమ్మడానికి తెచ్చానని అక్కడి కస్టమ్స్ అధికారులు అనుమానిస్తే ఏం చూపించాలి? ఏటీఏ కార్నే (సామానును తాత్కాలికంగా సుంకం లేకుండా తీసుకెళ్లే పత్రం) తీసుకోక తప్పదా?

మొదటి జవాబు

వెళ్లేటప్పటి సంగతే అడిగారు. నిజానికి ఎక్కువమంది ఇబ్బంది పడేది తిరిగి వచ్చేటప్పుడు. ఖరీదైన మౌంటు చూసి సొంత దేశపు అధికారే "ఇది విదేశంలో కొన్నదా?" అని అడిగితే, కాదని నిరూపించే బాధ్యత మీదే. అందుకే బయలుదేరే రోజున, సామాను విమానయాన సంస్థకు అప్పగించక ముందే మీ దేశపు కస్టమ్స్ కౌంటరుకు వెళ్లండి. వస్తువులు చూపించి, సీరియల్ నంబర్లతో ధ్రువపత్రం రాయించుకోండి. అమెరికాలో దీనికి 4457 నంబరు ఫారం ఉంది. భారతదేశంలో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ ఇస్తారు. ఆ కాగితం చేతిలో ఉంటే తిరుగు ప్రయాణంలో వాదన అవసరం రాదు.

ఇక కార్నే. ఇది 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందంతో వచ్చిన పత్రం. సరుకుకు పాస్‌పోర్టు లాంటిది. ఏడాదిపాటు చెల్లుతుంది. ఆ లోపు ఎన్నిసార్లయినా, దాన్ని ఆమోదించే ఎన్ని దేశాలకైనా సుంకం కట్టకుండా సామాను తీసుకెళ్లి తెచ్చుకోవచ్చు. అయితే దానికి రుసుముతో పాటు పూచీకత్తు కూడా కట్టాలి. ఒకసారి పత్రం జారీ అయ్యాక జాబితాలో కొత్త వస్తువు చేర్చడానికి వీల్లేదు. ప్రతి సరిహద్దులోనూ, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ముద్ర పడాలి. ఒక్క ముద్ర తప్పినా, ఆ వస్తువు అక్కడే ఉండిపోయిందని లెక్కగట్టి సుంకం అడుగుతారు.

ఒక వ్యక్తి తన ఒక్క టెలిస్కోపుతో వెళ్తుంటే కార్నే అవసరం రాదనే నా అభిప్రాయం. 1990 నాటి ఇస్తాంబుల్ ఒప్పందంలో ప్రయాణికుల సొంత వస్తువులకు ప్రత్యేకంగా ఒక అనుబంధమే ఉంది. కెమెరాలు, బైనాక్యులర్లు, వెంట తీసుకెళ్లే వాద్యాల వంటివి తిరిగి తీసుకెళ్లే షరతు మీద సుంకం లేకుండా అనుమతించడం దాని ఉద్దేశం. మీరు వెళ్లే దేశం ఈ ఒప్పందంలో ఉందో లేదో, విలువ మీద పరిమితి పెట్టిందో లేదో అక్కడి కస్టమ్స్ వెబ్‌సైటులో చూడండి. ఒక సంఘం తరఫున నాలుగైదు టెలిస్కోపులు, ప్రదర్శన సామగ్రి తీసుకెళ్తున్నట్లయితే మాత్రం కార్నే ఖర్చుకు వెనుకాడకండి.

రెండో జవాబు

పై మాటలతో ఏకీభవిస్తూ ఒకటి చేర్చాలి. "అంతా సొంత సామానే కదా" అని చాలామంది గ్రీన్ ఛానెల్ (ప్రకటించాల్సిందేమీ లేనివారి దారి) గుండా వెళ్లిపోతారు. దయచేసి అలా చేయకండి. ప్రకటించాల్సింది ఉన్నవారి దారి అయిన రెడ్ ఛానెల్‌కు వెళ్లి, తాత్కాలికంగా తెచ్చానని మీరే చెప్పండి. అడగకముందే చెప్పినవారి మీద అనుమానం తక్కువ. వస్తువు, తయారీదారు, మోడల్, సీరియల్ నంబరు, కొన్న ఏడాది, ప్రస్తుత విలువతో ఒక జాబితా రెండు ప్రతులు ఉంచుకోండి. పాత బిల్లులు, నిర్వాహకుల ఆహ్వాన లేఖ, తిరుగు ప్రయాణం వివరాలు జత చేయండి. విలువ తగ్గించి రాస్తే లాభమనుకోవద్దు. బీమా పత్రంలో ఒక అంకె, ఈ జాబితాలో మరొకటి ఉంటే మొత్తం జాబితా మీదే నమ్మకం పోతుంది.

మీరు రోడ్డు మార్గాన తిరిగి వస్తున్నారు కాబట్టి మరో జాగ్రత్త. విమానాశ్రయంలో ఇచ్చిన తాత్కాలిక దిగుమతి పత్రాన్ని మీరు దాటబోయే చెక్‌పోస్టులో స్వీకరిస్తారా, అక్కడ కస్టమ్స్ కార్యాలయం ఏ వేళల్లో తెరిచి ఉంటుంది అన్నవి వెళ్లేటప్పుడే అడగండి. చిన్న చెక్‌పోస్టుల్లో మనుషుల్ని పంపించేవారు ఉన్నా సామాను పత్రం మీద ముద్ర వేసేవారు రాత్రి వేళ ఉండకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బ్యాటరీ 12.8 వోల్టులు, 20 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. చెకిన్ సామానులో వేయవచ్చా?

మూడో జవాబు

వేయకూడదు. ఎక్కడా వీలు కాదు. వోల్టులను ఆంపియర్ అవర్లతో హెచ్చిస్తే వాట్ అవర్లు వస్తాయి. మీ బ్యాటరీ 256 వాట్ అవర్లు. ప్రయాణికుల విమానాల్లో విడి లిథియం బ్యాటరీలు చేతి సామానులోనే ఉండాలి. 100 వాట్ అవర్ల వరకు సాధారణంగా అనుమతిస్తారు. 100 దాటి 160 వరకు విమానయాన సంస్థ ముందస్తు అనుమతితో రెండు తీసుకెళ్లవచ్చు. 160 దాటితే ప్రయాణికుడి వెంట కుదరదు. అదే రకంలో 7 ఆంపియర్ అవర్లది 89.6 వాట్ అవర్లే అవుతుంది. అది తీసుకెళ్లండి, లేదా శిబిరంలో బ్యాటరీ దొరుకుతుందేమో నిర్వాహకులను అడగండి. ధ్రువాలకు టేపు అంటించండి. వాట్ అవర్ల అంకె బ్యాటరీ మీద స్పష్టంగా కనిపించాలి.

లేజర్ పాయింటర్‌ను ఇంట్లోనే వదిలేయండి. ఆస్ట్రేలియాలోకి 1 మిల్లీవాట్ దాటినది తేవాలంటే అనుమతి పత్రం ఉండాలి. ఇంకా కొన్ని దేశాల్లోనూ ఆంక్షలున్నాయి. పైగా ఆకాశాన్ని ఫోటో తీసేవారికి అది చేసే చెరుపు ఇంతా అంతా కాదు.

మొదటి జవాబు ఇచ్చినవారు

టెలిస్కోపును చెక్క పెట్టెలో పెడుతున్నారా? ముడి చెక్కతో చేసిన పెట్టెకు చాలా దేశాలు ఐఎస్‌పీఎం 15 (చెక్క ప్యాకింగుకు అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర అడుగుతాయి. పురుగు చావడానికి చెక్క లోపలి భాగం దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడిని 30 నిమిషాలు ఉంచడం వంటి ఆమోదిత పద్ధతిలో శుద్ధి చేశారనడానికి అది గుర్తు. ప్లైవుడ్‌కు ఈ నియమం వర్తించదు కాబట్టి ప్లైవుడ్ పెట్టె గానీ గట్టి ప్లాస్టిక్ పెట్టె గానీ మేలు. ట్రైపాడ్ కాళ్లకు, గుడారం మేకులకు అంటిన మట్టిని కడిగి ఆరబెట్టండి. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వంటి దేశాల్లో మట్టి కనిపిస్తే సామాను ఆపేస్తారు.

ప్రశ్న అడిగినవారు

చివరిగా ఒకటి. అక్కడి మిత్రుడొకరు ఐపీస్ ఒకటి ఇక్కడ కొని తెమ్మంటున్నారు. నా వాటితో కలిపి పెట్టవచ్చా?

రెండో జవాబు ఇచ్చినవారు

కలపవద్దు. అది తిరిగి రాదు కనుక మీ తాత్కాలిక జాబితాలో ఉండకూడదు. బిల్లుతో సహా విడిగా ఉంచి, దిగగానే దిగుమతి వస్తువుగా ప్రకటించండి. సుంకం పడితే మీ మిత్రుడు భరించేలా ముందే మాట్లాడుకోండి. శిబిరంలో మీ పాత ఐపీస్ ఎవరైనా కొంటామన్నా ఇదే వర్తిస్తుంది. జాబితాలో ఉన్నదేదీ అక్కడ చేతులు మారకూడదు.